హనుమకొండలో డోనర్ అండంతో ఐవీఎఫ్: ఏడు అండాల లెక్క రాసిచ్చే చోటికే వెళ్లండి

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల, నయీంనగర్ వైపు సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులకు ఇప్పుడు కొదవ లేదు. ఒకప్పుడు డాక్టరు నోట డోనర్ అండం (వేరే స్త్రీ దానం చేసే అండం, దాంతో ల్యాబ్‌లో పిండం చేయడమే ఈ ఐవీఎఫ్) మాట వచ్చిందంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోవాల్సిందే. ఇప్పుడు భూపాలపల్లి, నర్సంపేట, మహబూబాబాద్ నుంచి వచ్చే దంపతులు పొద్దున బస్సెక్కి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటున్నారు. ఈ సమీక్ష ఏదో ఒక సెంటరుకు మార్కులు వేసేందుకు కాదు, మన దగ్గర ఈ సేవ ఎట్లా అందుతోందో చెప్పేందుకు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. స్కానింగ్‌లు, గర్భసంచి పొరను సిద్ధం చేయడం, పిండాన్ని లోపల పెట్టడం, ఈ మూడింటి కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. లోటంతా కాగితాల దగ్గర ఉంది. అండాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఏమయ్యాయి అన్న లెక్క చాలామంది చేతికి రావడం లేదు. గర్భం నిలిచాక కాన్పు చేసే డాక్టరుకు ఏం చెప్పాలో కూడా రాసి ఇవ్వడం లేదు.

మొదటి సంగతి, అసలు డోనర్ అండం అవసరమా అన్నది. ఏఎంహెచ్ అనే హార్మోను తక్కువని ఒక్క రిపోర్టు పట్టుకుని ఈ దారి చూపించే చోట కాస్త ఆగండి. ఏఎంహెచ్ అండాలు ఎన్ని మిగిలాయో చెబుతుంది గానీ ఎట్లాంటివో చెప్పదు. ముప్పై ఏళ్ల ఆమెకు 0.8 వచ్చినా సొంత అండంతో ప్రయత్నించే అవకాశం మిగిలే ఉంటుంది. నలభై లోపే నెలసరి ఆగిపోయి ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాన్ని పని చేయించే హార్మోను) 25 దాటినవాళ్లు, కీమో వల్ల అండాశయాలు దెబ్బతిన్నవాళ్లు, వయసు 43, 44 దాటినవాళ్లు, రెండు మూడు ఐవీఎఫ్‌ల్లో పిండాలు ఎదగక ఆగిపోయినవాళ్లు, ఇలాంటివాళ్లకు ఈ వైద్యం నిజంగా దారి చూపిస్తుంది. టర్నర్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించడం) ఉన్నవాళ్లు మాత్రం గుండె, బృహద్ధమని పరీక్షలు పూర్తికాకుండా ముందుకు పోకూడదు. గర్భంలో వాళ్లకు ప్రాణాపాయం ఉంటుంది.

అండం మారితే గర్భసంచి మారదు. ఈ ఒక్క మాట మరిచి డబ్బు పోగొట్టుకున్న జంటలు చాలామంది. మన దగ్గర గర్భాశయ క్షయ అరుదు కాదు. అది పొరలను అతికించేసి, పైకి ఏ బాధా లేకుండానే పిండం నిలవకుండా చేస్తుంది. అనుమానం ఉంటే ముందు హిస్టరోస్కోపీ చేసి లోపల చూడాలి. ట్యూబుల్లో నీరు చేరి ఉబ్బి ఉంటే ఆ నీరు గర్భసంచిలోకి జారుతూ ఉంటుంది, పిండం అతుక్కునే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అలాంటి ట్యూబును ముందే తీసేయాలి, లేదంటే క్లిప్పు వేసి మూసేయాలి. ఇవి కాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (షుగర్), బీపీ చూడాలి. నలభై ఐదు దాటినవాళ్లకు 2డి ఎకో (గుండె స్కాన్) కూడా ఉండాలి. ఇవేవీ చూడకుండా మొదటి రోజే అడ్వాన్సు అడిగితే లేచి వచ్చేయండి.

చట్టం సంగతికి వస్తే, ఏఆర్‌టీ (సంతాన సాఫల్య వైద్యం) నియంత్రణ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. ఐవీఎఫ్ చేసే చోటు లెవెల్ 2 క్లినిక్‌గా నమోదై ఉండాలి. లెవెల్ 1 అంటే ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) దాకే. ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా గోడకు ఉండాలి. రిసెప్షన్‌లో కూర్చున్నప్పుడు దాని మీద ఏ లెవెలో, గడువు ఎప్పటిదాకో చదవండి. అండాలు ఏఆర్‌టీ బ్యాంకు నుంచే రావాలి, దాని రిజిస్ట్రేషన్ వేరే. అందుకే "మేడం, మా చెల్లె ఇస్తా అంటాంది, ఆమెయి తీస్కోరాదా?" అని అడిగేవాళ్లకు లేదనే చెప్పాల్సి వస్తుంది. దాత ఎవరో దంపతులకు తెలియకూడదు, దంపతులెవరో దాతకు తెలియకూడదు. ఎత్తు, రంగు, బ్లడ్ గ్రూపు, చదువు వంటివి చెబుతారు, పేరూ ఊరూ చెప్పరు. ఫోన్‌లో ఫొటోలు చూపించి "ఈమె కావాల్నా, ఆమె కావాల్నా" అనే మధ్యవర్తి ఎదురైతే అక్కడే ఆగిపోండి. అండాల అమ్మకం నేరం, మొదటిసారికే 5 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా ఉంది.

వైద్యం తీసుకునే ఆమె వయసు 21 దాటి 50 లోపు, భర్తది 21 దాటి 55 లోపు ఉండాలి. దాతకు 23 నుంచి 35 ఏళ్లు. ఆమె జీవితంలో ఒక్కసారే అండాలివ్వాలి, అవీ ఏడుకు మించి తీయకూడదు, ఒక్క జంటకే ఇవ్వాలి. దాతకు 12 నెలల ఆరోగ్య బీమా దంపతులే చేయించాలి. ఆ పాలసీ కాగితం నకలు మీ ఫైల్లో ఉండాలి. మీ బిడ్డ కోసం సూదులు పొడిపించుకుని, మత్తు తీసుకుని అండాలిచ్చే ఆమెకు ఏదైనా జరిగితే ఆదుకునేది ఆ కాగితమే. దాన్ని తేలిగ్గా తీసుకునే సెంటర్ మిమ్మల్నీ తేలిగ్గానే తీసుకుంటుంది.

ఇక అసలు సంగతి, ఏడు అండాలు. ఈ వైద్యంలో ప్రతి లెక్కా ఆ అంకె దగ్గరే మొదలవుతుంది. తీసిన ఏడూ పక్వమైనవి కావు. సాధారణంగా ఐదారు మాత్రమే ఎంఐఐ (పూర్తిగా పక్వమైన) దశలో ఉంటాయి, వీర్యకణం ఎక్కించడానికి పనికొచ్చేవి అవే. ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేస్తే వాటిలో నాలుగింట మూడొంతులకు కాస్త అటూ ఇటూగా ఫలదీకరణ చెందుతాయి, అంటే నాలుగు. అందులో ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ (గర్భసంచిలో పెట్టే దశకు ఎదిగిన పిండం) దాకా వచ్చేవి సగం. మొత్తం మీద రెండు. అదృష్టం బాగుంటే మూడు, బాగాలేకపోతే ఒకటి, ఒక్కోసారి సున్నా. అండాలు ఫ్రీజ్ చేసినవైతే కరిగించేటప్పుడు ఒకటి రెండు పోతాయి. కాబట్టి "ఏడు అండాలు" అన్నప్పుడు తీసినవి ఏడా, పక్వమైనవి ఏడా, కరిగించాక బతికినవి ఏడా అని అడగాలి. ఈ మూడూ ఒకటి కావు, డబ్బు మాత్రం ఒకటే తీసుకుంటారు. "మా దగ్గర పన్నెండు అండాల ప్యాకేజీ" అని ఎవరైనా అంటే, అది ఒక్క దాత నుంచి చట్టబద్ధంగా వచ్చే అంకె కాదు.

ల్యాబ్ నుంచి మీకు రావాల్సిన కాగితం ఒక పేజీకి మించదు. దాత కోడ్, బ్యాంకు రిజిస్ట్రేషన్ నంబరు, అండాలు తీసిన తేదీ, తీసినవెన్ని, ఎంఐఐ ఎన్ని, కరిగించాక బతికినవెన్ని, ఇక్సీ ఎన్నింటికి చేశారు, మర్నాడు రెండు కేంద్రకాలు (ఫలదీకరణ గుర్తు) కనిపించినవెన్ని, మూడో రోజు ఎన్ని కణాలు, ఐదో రోజు గ్రేడు, చివరికి ఫ్రీజ్ చేసినవెన్ని. అంతే. గ్రేడు 4ఏబీ అని ఉంటే, అంకె పిండం ఎంత విప్పారిందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డయ్యే కణాల గురించి, రెండో అక్షరం మాయ అయ్యే కణాల గురించి. మూడో రోజు ఎనిమిది కణాలతో నిండుగా ఉండి, ఐదో రోజుకు అన్నీ ఆగిపోతే తప్పంతా అండాలదే అనుకోకండి. వీర్యం నుంచి వచ్చిన జన్యువుల పని మూడో రోజు తర్వాతే బయటపడుతుంది. అప్పుడు వీర్యకణాల డీఎన్ఏ ఎంత తెగిందో చూసే డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష చేయించకుండా రెండో దాతకు డబ్బు కట్టడం వృథా. ఈ కాగితం లేకుండా మూడు నెలల తర్వాత ఇంకో సెంటరుకు పోతే అక్కడి డాక్టరు చేతిలో ఏమీ ఉండదు, మళ్లీ మొదటికి వస్తారు. అడిగితే "అన్నీ బాగున్నయమ్మా, మీరు టెన్షన్ పడకండి" అని పంపించేస్తే, మా లెక్కలో ఆ సెంటర్ ఫెయిల్.

బ్యాంకు హైదరాబాద్‌లో ఉండి అండాలు ఫ్రీజ్ చేసి ఇక్కడికి తెస్తే, ద్రవ నైట్రోజన్ ఆవిరి నింపిన డ్రై షిప్పర్‌లో రావాలి. దారి పొడుగునా లోపల మైనస్ 150 డిగ్రీల కన్నా చల్లగానే ఉండాలి. ఆ ఉష్ణోగ్రత రికార్డు కావాలని ముందే చెప్పండి. మే నెల ఎండలో జనగామ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన బండిలో ఏం జరిగిందో చెప్పేది అదొక్కటే.

చట్టం దాతకు తప్పనిసరి చేసిన పరీక్షలు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ వంటి అంటురోగాలవి. మన ప్రాంతంలో ఇవి చాలవు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు వాహకులు (జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేవాళ్లు) ఉంటారు, తలసీమియా వాహకులు ఎక్కడైనా ఉండొచ్చు. భర్తకూ దాతకూ ఇద్దరికీ హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష చేయించాలి. ఇద్దరూ వాహకులైతే పుట్టే బిడ్డకు నాలుగింట ఒక వంతు జబ్బు ముప్పు. చిన్న పరీక్షే, కానీ మీరు అడిగితే తప్ప జాబితాలోకి రాదు. బ్లడ్ గ్రూపు కలపమని కూడా చెప్పండి. తల్లిది ఓ గ్రూపు, బిడ్డది ఏబీ అని రేపు స్కూల్లో తేలితే, ఇంట్లో చెప్పుకోని విషయం ఆ కార్డు మీద బయటపడుతుంది.

జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లలో భర్తలు గల్ఫ్‌లో ఉంటారు. సెలవు నెల రోజులు, సైకిల్ అంతకన్నా ఎక్కువ. అలాంటప్పుడు మొదటి వారంలోనే వీర్యం ఇచ్చి ఫ్రీజ్ చేయించి, ఇద్దరి సంతకాలూ ప్రతి సమ్మతి పత్రం మీదా పెట్టించి వెళ్లడం మేలు. ఇక్కడే ఉన్నవాళ్లు కూడా ఒక శాంపిల్ దాచిపెట్టుకోవడం మంచిది. ఇక్సీ రోజు ఒత్తిడిలో శాంపిల్ ఇవ్వలేకపోవడం అరుదేమీ కాదు, సిగ్గుపడాల్సిన సంగతీ కాదు.

గర్భసంచి తయారీ మన సెంటర్లు బాగా చేస్తున్న పని. నెలసరి రెండో రోజు స్కాన్ చేసి పొరను పెంచే ఎస్ట్రాడయోల్ వాలరేట్ 2 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు మొదలుపెడతారు. నెలసరి ఆగిపోయినవాళ్లకు ఆ రోజు కోసం చూడాల్సిన పని లేదు. పది పన్నెండు రోజుల తర్వాత స్కాన్‌లో పొర 7, 8 మిల్లీమీటర్లకు చేరి మూడు గీతల్లా విడివిడిగా కనిపించాలి. పలచగా ఉంటే మందు పెంచి ఇంకో వారం చూస్తారు. అప్పటికీ ఎదగకపోయినా, లోపల నీటి చుక్క కనిపించినా ఆ నెల ఆపేయాలి. పిండాలు ఫ్రీజ్‌లో భద్రంగా ఉంటాయి, తొందరేమీ లేదు. ముహూర్తం బాగుందని 6 మిల్లీమీటర్ల పొర మీద పెట్టించుకుంటే ఉన్న రెండు పిండాల్లో ఒకటి పోయినట్టే.

పొర సిద్ధమయ్యాక ప్రొజెస్టెరాన్, పిండం నిలిచేలా చేసే హార్మోను. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. సోమవారం మొదలుపెడితే బ్లాస్టోసిస్ట్ పెట్టేది శనివారం. ఒక్క రోజు అటూ ఇటూ అయినా పొర, పిండం వయసు కలవవు. సాధారణంగా 400 మిల్లీగ్రాముల గుళిక పొద్దున ఒకటి, రాత్రి ఒకటి యోనిలో పెట్టుకోవాలి. ఊళ్లో మెడికల్ షాపులో ఆ గుళిక లేకపోతే "ఇదీ ప్రొజెస్టెరానే" అని నోటి మాత్ర ఇస్తారు. రెండూ ఒకటి కావు, డాక్టరును అడగకుండా మార్చకండి. ఏటూరునాగారం దాకా పోయేవాళ్లు పదిహేను రోజుల స్టాకు హనుమకొండలోనే కొనుక్కుని, పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రతలో ఉంచుకోవాలి. రేకుల ఇంట్లో ఎండాకాలం గుళికలు మెత్తబడి కారిపోతాయి. ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని లోపల పెట్టే) రోజున రక్తంలో ప్రొజెస్టెరాన్ చూసి, 10 నానోగ్రాముల లోపు ఉంటే ఇంజెక్షన్ కలిపే సెంటర్లు మెరుగైనవి.

ట్రాన్స్‌ఫర్ పదిహేను నిమిషాల పని, మత్తు అక్కర్లేదు. గంట ముందు అర లీటరు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి, పొట్ట మీది స్కాన్‌లో గర్భసంచి తేటగా కనిపించేది అప్పుడే. ల్యాబ్ కిటికీలోంచి మీ పేరు, భర్త పేరు పైకి చదివి, మీతో చెప్పించి, ఫైలు చూసి సరిపోల్చాలి. ఆ పిలుపు లేకుండా ముందుకు పోనివ్వకండి. తెరమీద సన్నటి గొట్టం కొసన తెల్లటి చుక్క మెరిసి ఆగుతుంది. తర్వాత గొట్టాన్ని మైక్రోస్కోప్ కింద చూసి పిండం అందులో ఉండిపోలేదని చెబుతారు. ఒక్కసారి ఒక్క పిండమే పెట్టించుకోండి. దాత అండం వయసులో ఉన్నది కాబట్టి రెండు పెడితే కవలలు నిలిచే అవకాశం ఎక్కువ, తల్లికి నలభై దాటితే కవల గర్భం మోయడం కష్టం. మంచం దిగకుండా పడుకోవాల్సిన పని లేదు. ఆ రోజే బస్సులో ఇంటికి పోవచ్చు. బొప్పాయి గురించి అత్తమ్మ చెప్పేదాని కన్నా గుళిక వేళ తప్పకుండా ఉండటం ముఖ్యం.

ట్రాన్స్‌ఫర్ తర్వాత పన్నెండో రోజు బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిచిందో చెప్పే రక్తపరీక్ష), 48 గంటల తర్వాత మళ్లీ, రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో. అంకె పెరిగిన తీరే ముఖ్యం. మధ్యలో కొంచెం రక్తం మరక కనిపిస్తే మందులు ఆపి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేవాళ్లున్నారు. మరక కనిపించినంత మాత్రాన గర్భం పోయినట్టు కాదు, మందు ఆపితే మాత్రం నిజంగానే పోతుంది. ఈ సైకిల్‌లో మీ అండాశయం హార్మోను తయారు చేయడం లేదు. మాయ ఆ పని అందుకునేదాకా, పది పన్నెండు వారాలు, మాత్రలూ గుళికలే ఆధారం.

ప్యాకేజీ అన్న మాటను నమ్మకండి, జాబితా రాయించుకోండి. బ్యాంకు ఖర్చు, దాత బీమా, ఇక్సీ, ఐదు రోజుల కల్చర్, ఫ్రీజింగ్, మొదటి ఏడాది నిల్వ, రెండో ట్రాన్స్‌ఫర్, మందులు, ఇందులో ఏవి కలిశాయి, ఏవి వేరే? ఒక్క బ్లాస్టోసిస్టూ రాకపోతే ఎంత తిరిగిస్తారు? నిల్వకు ఏటా రుసుము ఉంటుంది, చట్టం ప్రకారం పదేళ్లకు మించి దాచరు. గోడ మీద రాసిన సక్సెస్ శాతం పాజిటివ్ టెస్టులదా, ఇంటికి తీసుకెళ్లిన బిడ్డలదా అని కూడా అడగండి.

కౌన్సెలింగ్ మన దగ్గర పేరుకే ఉంది. సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టించడాన్నే కౌన్సెలింగ్ అంటున్నారు. చట్టం ముందు పుట్టే బిడ్డ పూర్తిగా ఆ దంపతుల బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు, బర్త్ సర్టిఫికెట్ మీద మీ పేర్లే ఉంటాయి. ఈ సంగతి తెలుగులో నిదానంగా చెబితే సగం భయం తగ్గుతుంది. "ఎవరి పిల్లో అనుకుంటరేమో" అన్న బెంగ ఆమెను రాత్రిళ్లు తింటుంది. భర్తను పక్కన కూర్చోబెట్టి ఆ మాట పైకి అనిపించాలి. ఇంట్లో ఎవరికి చెప్పాలి, బిడ్డకు ఎప్పుడు చెప్పాలి అన్నది వాళ్లిద్దరూ ముందే అనుకోవాలి, అత్తమ్మ అడిగిన రోజు కాదు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో సరోగసీ పేరుతో ఇచ్చిన బిడ్డ డీఎన్ఏ దంపతులతో కలవని కేసు బయటపడ్డాక డీఎన్ఏ పరీక్ష అడిగేవాళ్లు పెరిగారు. డోనర్ అండమైతే ఆ పరీక్షలో భర్తతోనే కలవాలి, భార్యతో కలవదు. ఇది తెలియక రిపోర్టు చూసి కుప్పకూలొద్దు.

గర్భం నిలిచాక కాన్పు ఎక్కడ చేయించుకున్నా, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్ సీకేఎం, మీ ఊరి డాక్టరమ్మ, ఎవరి దగ్గరైనా సరే, డోనర్ అండమని చెప్పి తీరాలి. అత్తగారు పక్కనుంటే బయటికి పంపించి చెప్పండి. ఈ గర్భాల్లో బీపీ, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి ఒంట్లోని అవయవాలను దెబ్బతీసే జబ్బు) ముప్పు సొంత అండం గర్భాల కన్నా ఎక్కువ. అందుకే 12 వారాల నుంచి రాత్రిపూట ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు ఇవ్వాలా అని డాక్టరు ఆలోచిస్తారు. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని 140/90 దాటితే అదే రోజు పోవాలి. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం ఉంటే రాత్రైనా ఆగొద్దు.

సెంటర్ నుంచి తీసుకోవాల్సిన చివరి కాగితం ఆ డాక్టరుకు రాసే లేఖ. అందులో ట్రాన్స్‌ఫర్ తేదీ, ఐదో రోజు పిండమన్న మాట, అండాలు తీసిన రోజుకు దాత వయసు తప్పకుండా ఉండాలి. కాన్పు తేదీ లెక్క ట్రాన్స్‌ఫర్ రోజుకు 261 రోజులు కలిపితే వస్తుంది, మీ నెలసరి తేదీతో పని లేదు. డబుల్ మార్కర్ (బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ముప్పు అంచనా వేసే రక్తపరీక్ష) ఫారంలో అండం వయసు దగ్గర దాత వయసే రాయించండి. నలభై నాలుగు అని మీ వయసు రాస్తే డౌన్ సిండ్రోమ్ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువగా చూపించి, అవసరం లేని ఉమ్మనీటి పరీక్ష దాకా లాక్కెళ్తుంది.